ఆ చేను మట్టి కాదు

ఈ మాట ఏళ్ళ తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. ఇంట్లో చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు, ఆయనకెలాగూ తెలుసులే అని తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పెదపాడు వైపు. మట్టి తోలే పని నాది. కొల్లేటి చుట్టూ చెరువులు తవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒక పెద్ద ఊళ్ళో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం కడుతున్నప్పుడు, పిచ్‌కి కావలసిన నల్లమట్టి మా వైపు నుంచి తోలే పని నాకు దొరికింది. ఊరంతా గొప్పలు చెప్పుకు తిరిగాను. టీవీలో బంతి పడేది మా మట్టి మీదే అనుకుంటే ఎవరికి మాత్రం గర్వంగా ఉండదు?

పిచ్ తయారుచేసే క్యూరేటర్ తాడేపల్లిగూడెం మనిషి. దానియేలు గారు అంటాను, అసలు పేరు అది కాదు. ఆ స్థలం ముళ్ళకంపగా ఉన్నప్పటి నుంచీ ఆయన అక్కడే ఉన్నారు. గ్యాలరీలు లేచాయి, దీపాల స్తంభాలు లేచాయి, ఆయన మాత్రం మధ్యలో ఉన్న ఆ కాస్త నేలనే చూసుకునేవారు. మట్టి కోసం వేసవిలో గణపవరం చుట్టుపక్కల చేలన్నీ నాతో తిరిగారు. పిడికెడు మట్టి తడిపి ఉండ చేసేవారు. అది బాగా ఎండాక మడమ కింద పెట్టి ఒంటి బరువంతా మోపి నిలబడేవారు. చిట్లితే ఆ చేను వద్దనేవారు. చివరికి ఒక చేను నచ్చింది. అందులో మట్టే పరీక్షకు పంపారు, బాగుందని వచ్చింది.

స్టేడియం ఆఫీసు నుంచి ఆర్డరు రావడం ఆలస్యమైంది. ఈలోగా కాలవకి నీళ్ళొదిలారు. రైతు చేలో నీళ్ళు పెట్టి దమ్ము మొదలుపెట్టాడు. ఇక లారీ దిగదు. కోతలయ్యేదాకా ఆగాలండీ అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? నా లారీలు ఆగవని అందరి ముందూ కోసిన కోతలు అడ్డొచ్చాయా? పని ఇంకొకరికి పోతుందన్న భయమా? రెండూ అనుకుంటాను. దగ్గర్లోనే ఎండగట్టిన రొయ్యల చెరువు ఉంది. గట్టు దాకా రోడ్డు ఉంది. చెరువు అడుగున మట్టి నల్లగా నిగనిగలాడుతోంది. దాన్నే తోలించాను. ఆ చేను మట్టే అనుకుని, నన్ను నమ్మి ఆయన పిచ్‌కి వేసేశారు.

మట్టి మట్టే కదా అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఉప్పు బోరు నీళ్ళతో రొయ్యలు పెంచిన చెరువు అది. దాని గట్టు మీద గడ్డి మొలవదని నాకు తెలుసు. ఆ చెరువు తవ్వింది నేనే.

పిచ్ మీద గడ్డి మొలిచి మాడిపోయింది. తెల్లగా ఉప్పు పూసింది. చూడడానికొచ్చిన క్రికెట్ బోర్డు పెద్దలు పెదవి విరిచారు. ఆ స్టేడియంలో జరగాల్సిన మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్ వేరే ఊరికి పోయింది. చేనంతా చూడకుండా ఒక్క మూల మట్టి పరీక్షకు పంపాడని తప్పంతా దానియేలు గారి మీద వేశారు.

ఆయన బస్సెక్కి మా ఇంటికొచ్చారు. జేబురుమాల్లో కట్టిన మట్టిగడ్డ బల్ల మీద పెట్టారు.

"ఏవండీ, ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఇది మనం చూసిన చేలోదేనాండీ?"

"అదేంటండీ అలా అడుగుతారు? మీరు చూపించిన చోటే తవ్వించానండి."

ఆయన ఆ గడ్డని మళ్ళీ జేబురుమాల్లో కట్టుకున్నారు.

"అయితే నా చెయ్యే పొరపాటు పడిందన్నమాట. ఊరికే మిమ్మల్ని అనుమానించానండీ. తప్పైపోయింది."

నాకు క్షమాపణ చెప్పారు! నేను కాఫీ ఇచ్చాను. తాగి వెళ్ళారు.

ఆయన ఉద్యోగం పోయింది. వేరేచోటి మట్టి తెచ్చి పిచ్ మళ్ళీ వేశారు. ఇప్పుడక్కడ మ్యాచ్‌లు దివ్యంగా జరుగుతున్నాయి. టీవీలో పిచ్ చూపించేసరికి నేను లేచి పెరట్లోకి పోతాను.

మొన్నీమధ్య తాడేపల్లిగూడెంలో ఒక బడి వాళ్ళు పిచ్ వేసుకుంటామని మట్టి అడిగారు. వెళితే అక్కడ పిల్లలకి ఆట నేర్పేది ఆయనే. జుట్టు నెరిసిపోయింది. పిడికెడు మట్టి తీసి, చూడండని చెయ్యి చాపాను. ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నారు.

"నన్నడక్కండీ. నా చేతికి మట్టి తెలీదని అప్పుడే తేలిపోయింది కదండీ" అని నవ్వారు.

ఉద్యోగం పోగొట్టానని తెలుసు. ఆయన చేతి మీద ఆయనకున్న నమ్మకం కూడా తీసేశానని ఆ నవ్వు చూశాకే తెలిసింది. అప్పుడైనా చెప్పానా? లేదు. మట్టి దింపించి వచ్చేశాను. నా పిరికితనం మీద నాకే అసహ్యం వేసింది.

క్షమించమని అడగను. అడిగితే "పర్లేదండీ" అంటారు, ఆ మనిషి అంతే. ఆ మాట తీసుకునే అర్హత నాకు లేదు. కానీ ఇది రాస్తుంటే గొంతు కాస్త తెరుచుకుంది, అంతవరకు నిజం.

దానియేలు గారూ, ఇది మీ కంటబడితే ఒక్క సంగతి తెలుసుకోండి. మీరు చూపించిన చేను మట్టి ఆ స్టేడియానికి చేరనే లేదండి. ఆ చేను ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ వేసవిలో వెళ్ళాను. మీరు చేసినట్టే ఉండ చేసి ఎండబెట్టి, మడమ కింద పెట్టి నా బరువంతా మోపి నిలబడ్డాను.

చిట్లలేదండి.