మూడు గోడలకు సరిపడే స్థలం

ధర్మపురిలో ఇంటిస్థలం కోసం నేను తిరిగింది ఎనభైల నడుమ. నా భార్య పోయి అప్పటికి ఏడాది నిండలేదు. ఆరేళ్ల పాప అక్కడే మా అత్త దగ్గర పెరుగుతోంది, అమ్మమ్మ పక్కన తప్ప నిద్రపోయేది కాదు. నేను హోసూరు నుంచి ధర్మపురికి బదిలీ అడిగి తెచ్చుకున్నాను. ముగ్గురం ఒకచోట ఉండాలని నా ఆశ. అత్త ఇల్లు ఒకే గది. అల్లుడి ఇంట్లో మాత్రం ఉండనని ఆమె ముందే చెప్పేసింది.

తెల్లవారకముందే హోసూరులో బస్సెక్కాను. కృష్ణగిరిలో మారాలి. అంతా కలిపి మూడు గంటలు, పది రూపాయల లోపు ఖర్చు. కృష్ణగిరిలో టీకి సమయం ఉంటుంది. నేను బెంచీ మీద కూర్చోలేక బస్సు చుట్టూ తిరిగాను. ధర్మపురి బస్టాండు దగ్గర సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లు. ఒకటి తీసుకుని, బ్రోకరు మునుసామి వెంట చెట్టికరై దారిలో కొత్తగా వేసిన లేఅవుట్‌కు వెళ్లాను. నలుపలకల స్థలం, సున్నం పూసిన హద్దురాళ్లు.

"నాలుగు దిక్కులూ సరిగ్గా ఉండాయి. బాగా చూసుకోండి సార్."

"చూశాను."

"సైకిలే దిగలేదు కదా సార్!"

"పాత పేట ఇక్కడికి ఎంత దూరం?"

"ఆ పేట మీకెందుకు? అక్కడంతా సిమెంటు మోసేవాళ్లు."

"మా అత్త కూడా మోస్తుంది."

మునుసామి సైకిలు పాత పేట వైపు తిప్పాడు.

పాత పేట బస్టాండు వెనకే. మేస్త్రీలు, రాళ్లు కొట్టేవాళ్లు ఉండే వీధులు, బయట అరవం, ఇళ్లలో మన తెలుగే. మధ్యాహ్నం ఎవరూ ఉండరు, అందరూ పనుల్లో ఉంటారు. అత్త ఇంటిని ఆనుకుని ఒక ఖాళీ స్థలం ఉంది. మునుసామి టేపు పట్టి పెదవి విరిచాడు. వీధివైపు వెడల్పు, వెనక సన్నం. సింహముఖమట. అంగడికైతే పనికొస్తుంది, కాపురానికి పనికిరాదన్నాడు. నేను ఆ స్థలంలో ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూనే ఉన్నాను.

పొద్దు వాలాక అత్త వచ్చింది, మోకాళ్ల దాకా సిమెంటు. బడి సంచితో పాప ఆమె కొంగు పట్టుకుని ఉంది. సంగతి వినగానే అత్త తల అడ్డంగా ఊపింది.

"ఈ మనై, ఈ స్థలం మనకు వద్దు అల్లుడా. మన ఇంట్లో ఒక చావు అయింది చాలు."

"హోసూరు ఇల్లు నాలుగు మూలలూ సరిగ్గానే ఉండింది అత్తా."

వీధి కుళాయి దగ్గర నుంచి పక్కింటామె అరిచింది: "ఏమక్కా, అల్లుణ్ణి సింహం నోట్లో పెడతా ఉండావా?"

"నీ బిందె పొర్లిపోతా ఉండాది, అది చూసుకోవే!"

పేట అంతా నవ్వింది. అత్త నవ్వలేదు. తన ఇంటి గోడ మీద అరచేతితో రెండుసార్లు చరిచింది.

"ఈ గోడ నేను కట్టింది. గట్టిగా ఉండాది. నువ్వు మూడు గోడలు కట్టుకో. నాలుగోది ఇదే."

"దీంట్లో ఒక వాకిలి పెడదామా?"

"నేను నీ ఇంటికి రానని చెప్పినాను కదా."

"పాప కోసం."

అత్త వంగి పాప తల మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి అదే ఎత్తులో గోడకు చాపింది.

"ఇంత చాలు. ఇంతకు మించి వద్దు."

"పాప పెరుగుతుంది కదా."

"పెరిగితే నేనే పగలగొడతా. అది నా పనే కదా."

ఆ మాటతో స్థలం ఖాయమైంది.

ఇల్లు లేచాక కూడా నాకు చాలాకాలం కుదురు దొరకలేదు. చీకటితోనే లేచి గదిలో తిరిగేవాణ్ణి. గోడ అవతల అత్త దగ్గేది. ఆమెకూ నిద్ర లేదని తెలిసేది. ఇద్దరం పలకరించుకునేవాళ్లం కాదు. పాప మాత్రం ఆ వాకిట్లోంచి ఇటూ అటూ పోతూ నిద్రపోవడం నేర్చుకుంది. ఆ వాకిలిని అత్త రెండుసార్లు పెంచింది. రెండోసారి, అది సరిపోయిందో లేదో చూడాలని, తనే ఇటువైపు దాటి వచ్చింది.

మీరూ ఇలా పక్కింటి గోడను ఆనుకుని కట్టబోతుంటే, అది ఉమ్మడి గోడ అని పత్రంలో తప్పకుండా రాయించుకోండి. మాకు మాటతో సరిపోయింది. అందరికీ సరిపోదు.