రోజుకు మూడు మంచి సంగతులు

ఫిర్యాదుల విభాగంలో ఆయన్ని చాటుగా అందరూ 'సంతృప్తి గారు' అనేవాళ్లు. ఉద్యోగాన్ని ప్రేమించడమెలాగో చెప్పే పుస్తకమేదో చదివిన నాటినుంచి, రోజూ పొద్దున్నే కుర్చీ తుడుచుకుని, ఉద్యోగంలోని మూడు మంచి సంగతులు పసుపు చీటీ మీద పెన్సిల్‌తో రాసి బల్ల ముందు అంటించేవాడు. 'ఫ్యాను గాలి నాకే తగులుతుంది.' 'నిన్న ఫోనులో తిట్టినావిడ చివర్లో ఉంటానండీ అంది.' రాశాక పెదవులు సాగదీసి, ఫోను మోగేదాకా ఆ నవ్వును అలాగే పట్టుకుని కూర్చునేవాడు. పదకొండేళ్లలో చీటీలు గోడెక్కాయి.

ఆ సోమవారం మేనేజరు వచ్చి చీటీలన్నీ తీరిగ్గా చదివాడు. సంతృప్తి గారి ఛాతీ ఉప్పొంగింది.

"ఒకళ్లని తీసెయ్యమని పైనుంచి ఆర్డరండీ," అన్నాడు మేనేజరు. "ఇంకెవరికి చెప్పినా ఏడ్చి గోల చేస్తారు. మీరైతే ఇందులోనూ ఏదో మంచి చూసుకుంటారు."

"అంతేనండీ, అంతేనండీ," అన్నాడాయన, అలవాటైన నవ్వుతోనే.

సంచీ సర్దుకుని లేచేసరికి పక్క సీటు గుమస్తా ఆయన కుర్చీని కాలితో తన వైపు లాక్కున్నాడు. "నాది కిర్రుమంటోంది బాబాయ్, ఏమనుకోకు."

ఆయన నిలబడే చీటీ తీసి రాశాడు: 'ఒకటి, కుర్చీ వృథా కాలేదు.' రెండోదాని కోసం పెన్సిల్ కొరుకుతున్నాడు. అంతలో ఊడ్చే మనిషి వచ్చి, గోడ మీది చీటీలన్నీ పీకి బుట్టలో పడేసి, "కాస్త కాలు తియ్యండి," అంది.