ఆకాశానికి మేనమామ

మా మేనమామ పోయాడన్న కబురు వచ్చే వేళకి నేను శ్రీకాకుళంలో పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాను. ఫోను ఆగకుండా మోగుతుంటే ఆ డాక్టరమ్మే తీసి నా చెవి దగ్గర పెట్టింది. అవతల మా అత్త. "మీ మావ ఎల్లిపోనాడే. పొద్దున్న టీ తాగీసి, గలాసు కడిగి బోర్లించీసి, మరీ ఎల్లిపోనాడు" అంది. నోటి నిండా దూది. ఏడుద్దామంటే ముందు నవ్వొచ్చింది. తొంభై దాటిన మనిషి, నోట్లో ఒక్క పన్నయినా మిగలని మనిషి, నేను పళ్లు బాగు చేయించుకునే రోజే చూసుకుని వెళ్లాడు. బతికుంటే ఈ సంగతి పదిమందికి చెప్పి నవ్వించేవాడు. ఏడుపు ఆ తరవాత, మా ఊరు నౌపడ వెళ్లే బస్సులో వచ్చింది.

ఆయన మా అమ్మకి తమ్ముడు. పటాలంలో వంటవాడు. వియత్నాంలో ఒకసారి యుద్ధం ఆగి సంధి కుదిరినప్పుడు, ఆ సంధి సరిగా సాగుతోందో లేదో చూడ్డానికి మన దేశం కొందరిని పంపింది. వాళ్లకి అన్నం వండిపెట్టడానికి మా మావ హనోయి వెళ్లి మూడేళ్లు ఉన్నాడు. తిరిగొచ్చినప్పుడు పెట్టెలో ఒక కంబళి, రెండు గరిటెలు తప్ప ఏమీ లేవని మా అమ్మమ్మ చాలాకాలం దెప్పింది. కథలు తెచ్చాడని ఆవిడకి తెలియదు. తెలిసినా లెక్కలోకి తీసుకునేది కాదు.

ఆ కథలు అక్కడి వంటశాలకి రోజూ ఆకుకూరలు తెచ్చే ఒక ముసలమ్మ చెప్పింది. ఆమెకి మన మాట ఒక్కటీ రాదు, ఈయనకి వాళ్ల భాష కూరల బేరానికి సరిపడా వచ్చు. "మరి నీకు కతలెలగ తెలిసేయి మావా?" అని అడిగితే, "ఆవిడ మనలాగే తమలపాకులు నమిల్తాదే. ఆకు, వక్క, సున్నం. అలాటి మనిసి సెప్తే తెలీకేటి?" అనేవాడు. సగం మాటలు తెలిసి, మిగతా సగం ఆమె ముఖం చూసి కల్పించుకున్నాడని నా అనుమానం. ఆ అనుమానం వల్ల కథలకి ఏ లోటూ రాలేదు.

అరవైల చివర పటాలం నుంచి వచ్చేసి నౌపడ స్టేషను పక్కన చిన్న టిఫిన్ల పాక పెట్టాడు. రుబ్బురోలు మా ఇంట్లో ఉండేది. రోజూ సాయంత్రం పప్పు గిన్నె పట్టుకుని వచ్చి, మా పెరట్లో మర్నాటికి పిండి రుబ్బుతూ కథ చెప్పేవాడు. నేనూ, మా వీధి పిల్లలూ చుట్టూ కూర్చునేవాళ్లం. కథలో రాజుకి కోపమొస్తే పొత్రం గబగబా తిరిగేది. ఎవరికైనా కష్టం వస్తే తిరగడం మానేసేది, అప్పుడు ఆయనతో వచ్చిన మా అత్త లోపలి నుంచి "పప్పు ఎండిపోతాది, ఆళ్ల కష్టం బేగి తీర్చీ" అని కేకేసేది. మా నాన్న ఉప్పు మడుల నుంచి వచ్చి, ఆ పక్కనే మంచమ్మీద ముఖాన తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. ఆయనకి కథలంటే పని లేనివాళ్ల యవ్వారం.

ఒక కథలో పేద రాకుమారుడు తండ్రికి కానుక ఇవ్వడానికి ఏమీ లేక, బియ్యం, పెసరపప్పు ఆకులో చుట్టి ఉడకబెట్టి పట్టుకెళ్తాడు. బంగారాలు తెచ్చిన అన్నలందరినీ కాదని తండ్రి అతనికే రాజ్యమిస్తాడు. వంటవాడు కదా, మా మావకి ఆ కథంటే ప్రాణం. ఒకసారి అరటాకుల్లో కట్టి ఆ వంటకం చేశాడు కూడా. అక్కడి బియ్యం జిగురు మన బియ్యానికి ఎక్కడిది? ఆకు విప్పితే అన్నం పొడిపొడిగా ఒళ్లో పడింది. మా నాన్న తువ్వాలు తియ్యకుండానే, "ఒరే, నీకు రాజ్యం రాదురా" అన్నాడు. ఆరోజు నవ్విన నవ్వుకి నాకు కడుపునొప్పి వచ్చింది.

అన్నిట్లోకీ మాకు ఇష్టమైంది కప్ప కథ. వాళ్ల దేశంలో ఏళ్ల తరబడి వాన లేదు. ఒక బోదురు కప్ప, ఆకాశాన్నే అడిగేస్తానని బయల్దేరింది. దారిలో పీత, నక్క, ఎలుగుబంటి, తేనెటీగలు, పులి కలిశాయి. అన్నీ దాహంతో ఉన్నవే, అన్నీ వెంట నడిచాయి. ఆకాశం గుమ్మంలో పెద్ద డప్పు ఉంది. కప్ప వాళ్లందరినీ తలుపు చాటునా, నీళ్ల కుండలోనూ దాచి, డప్పు వాయించింది. ఆకాశం రాజు తొంగి చూస్తే, కప్ప! ఒళ్లు మండి కోడిని ఉసిగొల్పాడు, నక్క ఎత్తుకుపోయింది. కుక్కని తోలాడు, ఎలుగుబంటి పట్టేసింది. పిడుగుల దేవుణ్ని పంపితే తేనెటీగలు కుట్టాయి, తప్పించుకోడానికి కుండలో దూకితే పీత పట్టుకుంది, బయటికి గెంతితే పులి. ఇక రాజు తనే దిగొచ్చి, "కూకో మావా" అన్నాడు. వాన ఇచ్చాడు. "ఇంకెప్పుడూ ఇంత దూరం రాకు. కావలసినప్పుడు కిందనుంచే పళ్లు నూరు, నాను ఇంటాను" అన్నాడు. ఆనాటి నుంచీ కప్ప ఆకాశానికి మేనమామ. చివర్లో మేమందరం రోటి చప్పుడుతో కలిపి పళ్లు నూరేవాళ్లం.

మా అమ్మ పుట్టిన ఊళ్లో వాన రాకపోతే పిల్లలు కప్పని రోకలికి కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికీ తిప్పేవారు. ఆడవాళ్లు దాని మీద నీళ్లు పోసేవారు. "మన కప్ప పాపం తడుస్తాది. ఆళ్ల కప్ప నిలదీస్తాది" అనేవాడు మావ.

చిక్కంతా ఏమిటంటే, మా ఊళ్లో వానే పగవాడు. మడిలో ఉప్పు తేలి, కుప్పలు పోసి, తరలించేదాకా ఒక్క జల్లు పడకూడదు. అందుకని మా నాన్న, "ఉప్పు తీసేదాకా నా గుమ్మంలో ఆ కప్ప కత సెప్పకు" అని బావమరిదికి ఖరాఖండీగా చెప్పాడు. నమ్మకం లేదంటూనే చెప్పాడు. నాకు ఆ ఏడు ఎనిమిదో తరగతి అయిపోయింది. హైస్కూలు టెక్కలిలో ఉంది, రోజూ చిన్న రైలెక్కి వెళ్లాలి. మా వీధిలో ఏ ఆడపిల్లా అలా వెళ్లలేదు. నాన్న కాళ్లావేళ్లా పడితే, "ఈ ఏడు ఉప్పు బాగా దిగితే పంపిస్తాను" అన్నాడు. నేను పొద్దున్న లేస్తూనే ఆకాశం చూసేదాన్ని. నా చదువంతా అక్కడే ఉంది.

అలాంటిది, మే నెలలో ఒక సాయంత్రం నేనే పాడు చేసుకున్నాను. నాన్న సంతకెళ్లాడు. మావని బతిమాలి, బుజ్జగించి కప్ప కథ చెప్పించాను. అందరికన్నా గట్టిగా పళ్లు నూరాను. మూడో రోజు సముద్రం వైపు నుంచి నల్లగా లేచి, మధ్యాహ్నం కురిసిన వానకి మా కుప్పలు సగం కరిగిపోయాయి. నాన్న కుప్పలు కప్పడానికి తాటాకులు పట్టుకుని పరిగెడుతుంటే నేను వాకిట్లో కొయ్యలా నిలబడిపోయాను. ఆ రాత్రి అన్నం దగ్గర, "ఇంక బడి మాటెత్తకు" అన్నాడు.

మర్నాడు మావ పాకకి వెళ్లి, వాన నేనే తెప్పించానని ఒప్పుకుని ఏడ్చాను. మావ పెనం మీద అట్టు మాడుతున్నా తియ్యలేదు. "నీ పళ్లకంత బలవుంటే మా అమ్మ పొలం ఎప్పుడో పండీసును" అన్నాడు. తరవాత ముఖం దగ్గరగా పెట్టి, "ఒక సంగతి సెప్పు కోడలా. బోదురు కప్పకి పళ్లు ఉంటాయేటి?" అన్నాడు.

ఉండవు. నాకు తెలుసు. ఎన్నిసార్లు విన్నా ఆ ఆలోచనే రాలేదు.

"ఆ ముసల్దాన్ని నానూ ఇదే అడిగేను. ఇరగబడి నవ్వింది. పళ్లు లేనిది నూరితే ఆకాశానికి బయమెందుకూ? ఎప్పుడో ఓపాలి గుమ్మందాకా వొచ్చింది గనక. అది పళ్ల బలం కాదే, ఎళ్లిన బలం. ఒక్కర్తీ ఎళ్లింది కాదు కూడాని. నీకూ దాహం ఉన్నాది. ఇంకెవరికున్నాదో ఎతుకు."

వెతికాను. స్టేషనులో పాయింట్సుమన్ కూతురికి ఉంది. కిరాణా కొట్టు వాళ్ల అమ్మాయికి ఉంది. పక్కింటి ఉప్పు రైతు కూతురికి, పైకి చెప్పలేదు గాని, నాకంటే ఎక్కువుంది. మేం నలుగురం కలిసి ముగ్గురి ఇళ్లకీ వెళ్లాం. ముగ్గురి నాన్నలదీ ఒకటే మాట: "మీ నాన్న పంపితే మేవూ పంపుతాం." అంటే ఆకాశం గుమ్మం మా నాన్నే.

ఆయన మడుల దగ్గర గట్లు వేస్తున్నాడు. మేం ఖాళీ కిరసనాయిలు డబ్బా ఒకటి పట్టుకెళ్లి వాయించాం. వెనకాల, తనకేమీ తెలియనట్టు, మావ ఒక బుట్టెడు వేడి పునుకులతో నిలబడ్డాడు. నాన్న తలెత్తి చూసి, తోడు పని చేస్తున్న మా చిన్నాన్నని, "ఆ గుంటల్ని ఇంటికి తోలీ" అని పంపాడు. చిన్నాన్న చేతిలో మావ ఆకు పెట్టి పునుకులు పోశాడు. ఆయన అక్కడే గట్టుమీద కూలబడి తినడం మొదలెట్టాడు. నాన్న ఈల వేసి కుక్కని ఉసిగొల్పాడు. అది పరుగున వచ్చి, నా కాళ్ల మీద కూర్చుని తోక ఊపింది. చివరికి నాన్నే పార భుజాన వేసుకుని, మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. కిరాణా కొట్టు అమ్మాయి నా వెనక్కి నక్కింది.

"నాన్నా, ఉప్పు నా వల్లే పోనాది. కప్ప కత నానే సెప్పించేను. తప్పే. గాని నన్ను బడికి పంపు" అన్నాను.

ఆయన నావైపు చూశాడు, కుక్కవైపు చూశాడు, నోటినిండా పునుకులున్న తమ్ముడివైపు చూశాడు. మావ మబ్బులు లెక్కపెడుతున్నాడు.

"కోడి ఈడేనేటి?" అని తమ్ముణ్ని చూపించి అడిగాడు నాన్న. "మరి తేనిటీగలేయే?"

ఇన్నాళ్లూ ఆ తువ్వాలు కింద ఆయన నిద్రపోలేదు! ఆయన పార దించి, మా నలుగురినీ ఒక్కొక్కర్నే పరకాయించి, "నలుగురూ కలిసే ఎల్తారా బండిలో? కలిసే వొస్తారా?" అన్నాడు. అవునన్నాం. ఉప్పు ఒక వంక, అసలు భయం ఒంటరి పిల్ల రైలెక్కడమని నాకప్పుడు అర్థమైంది. "ఎల్లండి. ఇంకెప్పుడూ ఇంత దూరం రాకండి. కావలసింది కిందనుంచే సెప్పండి, ఇంటాను" అన్నాడు.

జూన్‌లో మొదటిరోజు చిన్న రైలు కదులుతుంటే మావ పాకలోంచి బయటికొచ్చి గరిటెతో అదే డబ్బా వాయించాడు. గార్డు కంగారుపడి తొంగి చూశాడు. మేం నలుగురం కిటికీల దగ్గర పళ్లు నూరి చూపించాం. నేను ఆ రైలుని వదల్లేదు. చదివి, టీచరునై, రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ మొదటిరోజు క్లాసులో ఆ కప్పనే నడిపించాను.

మావకి ఉన్న దిగులు ఒక్కటే. ఆ రోజుల్లో రేడియోలో ఆ దేశం పేరు వస్తే బాంబుల మాటే. విన్నప్పుడల్లా పొత్రం ఆగిపోయేది. "ఆ ముసల్ది ఏ గోతిలో దాక్కున్నాదో. బుట్ట తెచ్చుకున్నాదో నేదో" అనేవాడు. కాసేపటికి మళ్లీ తిప్పుతూ, "కప్ప దేశమది. ఊరుకోదు" అనేవాడు. ఆమె ఏమైందో ఆయనకి ఎప్పటికీ తెలియలేదు. ఆమె కథ వల్ల నౌపడలో నలుగురు ఆడపిల్లలు రైలెక్కారని ఆమెకీ తెలియదు.

పోయినేడు చూడ్డానికి వెళ్తే బోసినోరు బార్లా తెరిచి చూపించాడు. "ఇప్పటికి నాను అసలైన కప్పనయ్యేను కోడలా. ఇంక నాను నూర్తే పడి తీరాలి" అన్నాడు. మా అత్త వంటింట్లోంచి చీపురుతో ఒక కప్పని బయటికి తోస్తోంది. వాళ్ల పెళ్లైనప్పటి నుంచీ ఆవిడకి కప్పలతో యుద్ధమే. వానాకాలం వస్తే గడప దాటనివ్వదు. ఈయన ప్రతిసారీ, "మావని తోలకే, పైవోడికి కోపం వొస్తాది" అనేవాడు. ఆవిడ ప్రతిసారీ ఆయన్ని కూడా కలిపి తిట్టేది.

మొన్న మధ్యాహ్నం అన్నీ అయిపోయాయి. స్నానాలు చేసి వచ్చి వంటింటి ముందు కూర్చున్నాం. సాయంత్రానికి సముద్రం వైపు మబ్బు పట్టింది. ఇంకా తరలించని ఉప్పు కుప్పల దగ్గర కేకలు వినిపించాయి. నాలుగు చినుకులు పడగానే ఒక బోదురు కప్ప పెరట్లోంచి గెంతుకుంటూ వచ్చి, వంటింటి గడప మీద తల పైకెత్తి కూర్చుంది. అత్త అలవాటుకొద్దీ లేచి చీపురు తీసింది. అందరం ఆవిడనే చూస్తున్నాం. ఆవిడ చీపురు ఎత్తి, మళ్లీ దించి గోడకి ఆనించింది. గడప దగ్గరున్న నీళ్ల చెంబు పక్కకి జరిపింది.

"కూకో మావా" అంది.