‘గంధర్వ’ ఆంప్లిఫయరు తొలి కచేరీ

పరువు కొందరికి నెమ్మదిగా, వాయిదాల పద్ధతిలో పోతుంది. నాకు మాత్రం ఒక ఆదివారం ఉదయం పదికీ పదీ ఇరవైకీ మధ్య, మైలాపూరులో మా ఇంటి ముందుగదిలో, ఇద్దరు సాక్షుల సమక్షంలో మొత్తం ఒకేసారి పోయింది. ఆ ఇరవై నిమిషాల్లో చివరి రెండూ తీసేస్తే మిగిలిన పద్దెనిమిదీ నా జీవితంలో నేను అత్యంత గర్వంగా గడిపినవి. అసలు విషాదం అదే.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. షోళింగనల్లూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతికి జీతం తీసుకునేవాణ్ణి. ఆ అలవాటు నా సొంత పని దగ్గరికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

హెడ్‌ఫోన్లలో ఎలక్ట్రోస్టాటిక్ అని ఒక జాతి ఉంది. మామూలు హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. ఇందులో వెంట్రుక కన్నా పల్చటి పొర ఒకటి, దానికి అటూ ఇటూ చిల్లుల రేకులు, అంతే. ఆ పొర కదిలి పాట పాడాలంటే వందల వోల్టులు కావాలి. ఫోనుకో లాప్‌టాప్‌కో తగిలిస్తే ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డ బడిపిల్లాడిలా నోరు విప్పదు. దానికి ప్రత్యేకంగా ఒక ఆంప్లిఫయరు ఉండాలి. కొనుక్కోవచ్చు. కానీ కొనుక్కుంటే నా గొప్పతనం ఎవరికి తెలుస్తుంది చెప్పండి. ఇంటర్నెట్‌లో ఒక సర్క్యూట్ బొమ్మ దొరికింది. దాని పైన ఎర్రటి అక్షరాలతో ‘అనుభవం లేనివారు ముట్టుకోరాదు’ అని రాసి ఉంది. పాపం, ఎవరో అనుభవం లేనివాళ్ళ కోసం రాశారనుకున్నాను.

మూడు నెలలపాటు మా భోజనాల బల్ల మీద భోజనాలు లేవు. ఇల్లు మా కామాక్షత్తది. ఆమె మా నాన్నకు అక్క, ఆ చుట్టుపక్కల పేరున్న వీణ టీచరు. ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ నేను ఆమె దగ్గరే ఉంటున్నాను. ఆమె రోజూ ఒకసారి వచ్చి బల్లను పరామర్శించి వెళ్ళేది.

“ఏందిరా ఇది, ఈడ ఇస్త్రీపెట్టె మాదిరి కాలతా ఉండాది?”

“సోల్డరింగ్ ఐరన్ అత్తా. ముట్టుకోవద్దు.”

“నేను ముట్టుకోనులే. కరెంటుతో సుమ్మా, ఊరికే ఆటలాడొద్దు మురళీ. ఒళుంగా, సరిగ్గా తెలిసినవాళ్ళని ఎవురినన్నా అడగరాదా?”

“నాకు తెలుసత్తా.”

చరిత్రలో ఎన్ని కొంపలు కాలాయో, వాటిలో సగం ఈ రెండు ముక్కల తర్వాతే కాలి ఉంటాయి.

తెలిసినవాళ్ళు లేక కాదు. విడిభాగాల దుకాణంలో పరిచయమైన దేవరాజులు గారు ఉన్నారు. వాళ్ళది తాతల నాటి నుంచీ సౌకార్‌పేట. రేడియోలో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర పాతకాలపు ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ ఒకటుంది. ఇప్పుడు అలాంటివి తయారు కావడం లేదు. పొర కాలిపోతే మళ్ళీ వెయ్యడానికి దొరకదు. నేను ఆంప్లిఫయరు కడుతున్నానని వినగానే ఆయన ముఖం వెలిగింది.

“నా చెవులకి పైస్వరాలు ఇంక వినపడటం లేదు నాయనా. పెట్టెలో పెట్టుకొని ఏం జేసేది? ఆదివారం తెస్తాను. నీ ఆంప్లిఫయరు బాగా పాడితే దాన్ని నువ్వే పెట్టుకో.”

ఆ మాటతో నేను రెండు అంగుళాల ఎత్తు పెరిగాను. ‘ఒకసారి మీరు లోపల చూసి పెట్టండి సార్’ అనవలసినవాణ్ణి, ‘మీరు వచ్చి వింటే చాలు సార్’ అన్నాను. శనివారం రాత్రికల్లా రేకుపెట్టెకు మూత బిగించి, ముందువైపు ‘గంధర్వ’ అని ఇత్తడి అక్షరాలు అతికించాను.

ఆదివారం పదింటికి అత్త వర్ణం నేర్పడానికి శిష్యురాలి ఇంటికి పోతానని చెప్పింది. నాకూ అదే కావాలి, ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. తొమ్మిదిన్నర నుంచీ ముందుగదిలో తలుపులు వేసుకుని గంధర్వను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. మొదట మా ఆఫీసు ప్రవీణ్ వచ్చాడు. వరంగల్ నుంచి వచ్చి రెండేళ్ళయిన కుర్రవాడు, నన్ను మేధావి అని నమ్మిన ఏకైక మనిషి. వెనకాలే దేవరాజులు గారు, పసిబిడ్డను తెచ్చినట్టు గుండెకు హత్తుకుని హెడ్‌ఫోన్ పెట్టె తెచ్చారు.

స్విచ్ వేశాను. పాత రేడియోల్లోలాంటి నాలుగు గాజు ట్యూబులు మూత పైన నారింజరంగులో వెలిగాయి. రెండు వారాల కిందట నేనే రికార్డు చేసిన అత్త మోహన వర్ణాన్ని లాప్‌టాప్‌లో పెట్టాను. ప్రవీణ్ హెడ్‌ఫోన్ తగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు.

“అన్నా, ఏం వస్తలేదు.”

“ట్యూబులు వేడెక్కాలి. తొందరపడకు.”

రెండు నిమిషాలు గడిచాయి. నా నుదుటి మీద చెమట పట్టే సమయానికి ప్రవీణ్ ముఖం విప్పారింది.

“వస్తున్నదన్నా. వీణ. మస్తున్నది.”

“ఎలా ఉంది?”

“పక్క అర్రల కూసోని వాయించినట్టే ఉన్నది.”

సన్నగా నాకూ వినిపిస్తోంది, హెడ్‌ఫోన్ చిల్లుల్లోంచి బయటికి కారుతోందనుకున్నాను. దేవరాజులు గారి వైపు గర్వంగా చూశాను. “సార్, విన్నారుగా.”

“వాల్యూమ్ కొంచెం పెంచు,” అన్నారాయన.

తిప్పాను.

“పెంచినా గంతే ఉన్నదన్నా,” అన్నాడు ప్రవీణ్.

“అదే దీని గొప్పతనం. ఎంత తిప్పినా చెదరదు. దాన్ని స్థిరత్వం అంటారు.”

ఆ వాక్యం నేను నిజంగానే అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషి నాకన్నా చాలా నయం. నా కుందేలుకు అసలు కాళ్ళే లేవు, నేను దాని పరుగు గురించి ఉపన్యసిస్తున్నాను. గాలి కదలిక, తీగ మీద వేలి రాపిడి, గమకంలో ఊపిరి, ఇలా పావుగంట ఆపకుండా మాట్లాడాను. ప్రవీణ్ ఒక చేత్తో గంధర్వ మూతను పిల్లి వీపులా నిమురుతూ తలూపుతున్నాడు. మధ్యలో ఒకసారి, “ఒక్క ముక్కనే మళ్ళ మళ్ళ వస్తున్నదన్నా,” అన్నాడు. అది మనోధర్మం, అప్పటికప్పుడు పుట్టే సంగీతం అని చెప్పాను.

కాసేపటికి అతని నుదురు ముడిపడింది.

“అన్నా, రికార్డింగ్ల మీ అత్త మాట్లాడుతున్నది.”

“ఏమని?”

“స్టవ్ మీద పప్పు ఉన్నదంట. మూడు విజిళ్ళు వచ్చినయంట. నిన్ను ఆపమంటున్నది.”

దేవరాజులు గారు లేచి వచ్చి లాప్‌టాప్ వైపు ఒకసారి, గంధర్వ వైపు ఒకసారి చూశారు. ఆయన గొంతులో వెటకారం లేదు, ఇంజనీరు సందేహమే ఉంది.

“పప్పు ఉడికేది రికార్డింగులోనా నాయనా, మీ ఇంట్లోనా?”

జవాబు నాలుగో విజిల్ ఇచ్చింది. వంటింట్లోంచి.

తలుపు తీశాను. హాలుకు అవతలి గదిలో చాప మీద వీణ పెట్టుకుని అత్త కూర్చుని ఉంది.

“నువ్వు పోలేదా అత్తా?”

“ఆ పిల్లకి జరమంట. సరే, సుమ్మా కూర్చునేది ఎందుకని సాధకం చేస్తా ఉండాను. ఎన్నిసార్లు పిలిచేదిరా నిన్ను? చెవుల్లో ఏం పెట్టుకోనుండావు?”

వెనక్కి వచ్చేసరికి దేవరాజులు గారు హెడ్‌ఫోన్‌ను వెలుతురుకు ఎత్తి ప్రవీణ్‌కు చూపిస్తున్నారు. “దీనికి రెండు పక్కలా జల్లెడ మాదిరి చిల్లులే. చెవులకి పెట్టుకున్నా బయట శబ్దమంతా లోపలికి వచ్చేస్తాది. నువ్వు విన్నది ఆమె వీణనే.”

కరెంటు లేదు, కదలిక లేదు, ఆంప్లిఫయరు పేరు గంధర్వ.

ఆయన ప్లగ్గు పీకి, మూత విప్పి, లోపలికి తొంగిచూశారు. తర్వాత “ఫ్యూజు ఏదీ?” అన్నారు. శనివారం లోపల చెయ్యి పెట్టే ముందు జాగ్రత్త కోసం తీశాను. జాగ్రత్తగా నా కళ్ళజోడు పెట్టెలో దాచాను కూడా. ట్యూబులను వెలిగించే చిన్న కరెంటు వేరే దారిలో వస్తుంది గనక అవి వెలిగాయి. పాట పాడించే పెద్ద కరెంటుకు మాత్రం దారి మూసేసి, మూత బిగించేశాను.

“పెట్టమంటారా సార్?” అన్నాను ఆశగా.

“ఈడ చూడు.” ఆయన వేలు ఒక ఎర్ర వైరు మీద ఆగింది. “మూత కింద నలిగి దీని తోలు పోయింది. లోపల రాగి తగలతా ఉండాది. పెట్టెకి ఎర్తు కూడా ఇయ్యలేదు నువ్వు. ఫ్యూజు ఉండుంటే ఈ మూత మీద నాలుగు వందల వోల్టులు.”

ప్రవీణ్ చెయ్యి మెల్లగా బల్ల మీంచి ఒడిలోకి దిగింది.

“అన్నా,” అన్నాడు, “నేను గంట సంది దాన్నే నిమురుతున్న గదా.”

నిజానికి పద్దెనిమిది నిమిషాలే. కానీ సరిదిద్దే ధైర్యం నాకు లేకపోయింది. అప్పటిదాకా పోయింది పరువే అనుకుంటున్నాను. అతనికి ఊళ్ళో అమ్మా నాన్నా చెల్లెలూ ఉన్నారని ఒక్కసారిగా గుర్తొచ్చింది. ప్లగ్గు నిజంగా ఊడి ఉందో లేదో మరోసారి చూశాను. కాఫీలు తెచ్చిన అత్త గుమ్మంలోనే అంతా విన్నది. తిట్టలేదు. ముందు ప్రవీణ్‌కు గ్లాసు ఇచ్చి, అతని చెయ్యి పట్టుకుని ఒకసారి తిప్పి చూసింది. తర్వాత నాతో అంది.

“వచ్చే ఆదివారం నుంచి ఈయన ఇంటికి పో. ఈయన ఊ అనేదాకా ఆ పెట్టెకి ప్లగ్గు పెట్టావో, నిన్నూ దాన్నీ కలిపి బయట పెడతా.”

ఏడు ఆదివారాలు సౌకార్‌పేట సందుల్లో భుజాలు తగిలించుకుంటూ గంధర్వను మోసుకెళ్ళాను. దేవరాజులు గారు మొదటి రోజు ఇత్తడి అక్షరాలు పీకించారు. రెండో రోజు వైర్లన్నీ పీకించారు. కొలతలు తీసేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ వీపు వెనకే ఉండాలన్నారు. మరిచిపోయినప్పుడల్లా స్కేలుతో కొట్టారు. ముప్పై ఏళ్ళవాడు కాబోతూ స్కేలు దెబ్బలు తినడంలో ఒక ప్రత్యేకమైన ఆరోగ్యం ఉంది. ఏడో ఆదివారం ఆయన ఊ అన్నారు. ఫ్యూజుతో సహా గంధర్వ మా ఇంట్లో బల్ల ఎక్కింది.

ఈసారి మొదట అత్త వింటానంది. నేను అదే వర్ణం పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, పూర్తయ్యేదాకా కదలలేదు. దేవరాజులు గారు ఆమె ముఖాన్నే చూస్తున్నారు.

“ఎవురురా ఈమె?” అంది హెడ్‌ఫోన్ తీసి.

“నువ్వే అత్తా.”

“నేనా? రెండో కాలంలో ఏందిరా ఈ పరుగు, బస్సు పోతా ఉండే మాదిరి. మూడో స్వరం దగ్గర వేలు జారింది. చిటికెన వేలి గోరు కూడా తగిలింది. ఇన్నేళ్ళు నాకు ఎవురూ చెప్పలేదే.” ఆమె మళ్ళీ తగిలించుకుంది. “ఇంకోసారి పెట్టు.”

దేవరాజులు గారు చేతిలోని ఖాళీ హెడ్‌ఫోన్ పెట్టెను నా ముందు నుంచి దాటించి, అత్త పక్కన పెట్టారు.

“ఇది మీ దగ్గరే ఉండనీండమ్మా,” అన్నారు. “మన మురళి మంచివాడే. చెవులే ఇంకా తయారు కాలేదు.”

కాబట్టి మైలాపూరు సాక్షిగా, ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా చేతులతో కట్టిన ఏ యంత్రంలోంచైనా అద్భుతమైన సంగీతం వినిపిస్తే, అభినందనలు స్వీకరించే ముందు, ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారో ఒకసారి హాజరు పిలుస్తాను.