నాలుగో రోజు తలస్నానం

1946. యుద్ధం ముగిసింది గానీ గుడ్డల కంట్రోలు, అంటే రేషను, ముగియలేదు. చిత్తూరులో ఒక ఆడవాళ్ళ ఆసుపత్రిలో నేను నర్సును. డాక్టరమ్మ చూడకముందే హిస్టరీ తీసుకోవడం, అంటే జబ్బు పుట్టుపూర్వోత్తరాలు అడిగి రాసిపెట్టడం నా పని. అది తేలికని కొత్తవాళ్ళు అనుకుంటారు. సిగ్గుపడే మనిషి చేత నిజం చెప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

పుత్తూరు పక్క పల్లె నుంచి కుప్పమ్మ అనే రైతు ఇంటి ఆవిడ కోడల్ని తీసుకొచ్చింది. కోడలు మునెమ్మకు పెళ్ళయి అయిదేళ్ళు, బిడ్డల్లేరు. నేనేమడిగినా అత్తే జవాబు చెబుతోంది.

"నెలనెలా సరిగ్గా ముట్టవుతుందా?"

"తప్పకుండా బయట కూసుంటాది నర్సమ్మా. నాలుగో దినం తలకు పోసుకోని ఇంట్లోకొస్తాది."

మునెమ్మ మాత్రం గడ్డం మీద నుంచి కొంగు తియ్యడం లేదు. నాకు ఒళ్ళు మండింది. "ఆ పిల్లకూ నోరుంది కదా! నువ్వు కాసేపు వరండాలో కూర్చో" అని అత్తను పంపేసి తలుపు వేశాను.

పిల్ల కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. కొంగు జారింది. గడ్డం మీద మగవాళ్ళకు మొలిచినట్టు వెంట్రుకలు, పీకిన చోటల్లా పుండ్లు.

"నాకు ముట్టు రాదు నర్సమ్మా. ఏడాదికొకసారి వస్తే వచ్చినట్టు. ఊరికే పోయి పశువుల కొట్టం పక్కన మూడు దినాలు కూసుంటాను. తెలిస్తే మా మామ నా మొగుడికి ఇంకోదాన్ని కడతాడు. పిల్లను గూడా సూసిపెట్టినారు."

"మీ అత్తకు అనుమానం రాలేదా?"

"ఆమెకు నేనంటేనే అసింకం, రోత. నాలుగో దినం నేను తలకు పోసుకోని లోపలికొచ్చినాక, ఆమె గూడా బాయికాడికి పోయి తలకు పోసుకుంటాది. నా మొగం సూసినా మైలేనేమో. నర్సమ్మా, నేను ఆడదాన్నేనా?"

"నీలాంటి వాళ్ళు ఇంకా వచ్చారు, నువ్వొక్కదానివే కాదు" అన్నాను. నమ్మలేదు. డాక్టరమ్మ పరీక్ష చేసింది. అండాశయాల్లో సిస్టులు, అంటే నీటి పొక్కులు, ఉండవచ్చంది. అది ఎవరి తప్పూ కాదంది. కచ్చితమైన మందు మాత్రం తన దగ్గర లేదంది.

అత్తను నాలుగు దులిపేద్దామని వరండాలోకి వెళ్ళాను. ఆవిడే ముందు లేచి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"సెప్పిందా?"

"ఏమిటి చెప్పేది?"

"దానికి రాదని. నాకు మొదటి ఏడాదే తెలిసింది. మరక లేని కోక చాకలామెకేస్తే ఊరంతా తెలిసిపోదా? అందుకే నాలుగో దినం కోడిని కోస్తాను. అది విడిసిన కోకకు ఆ నెత్తురు కొంచెం పూస్తాను. మైలగుడ్డ ముట్టుకున్నాక తలకు పోసుకోకుండా ఇంట్లోకి ఎట్లా పోయేది? మా ఇంటాయన కూర తిని మీసం దువ్వుకుంటాడు, కోడి ఎందుకు తెగిందో ఆయనకేం తెలుసు!"

"నీకెందుకమ్మా ఇంత తిప్పలు?"

"నాకు కొడుకు ఆలస్యంగా పుట్టినాడు. వాడు పుట్టేలోగానే నా నెత్తిన సవితిని తెచ్చిపెట్టినారు. ఆ కుంపటి దీనికొద్దు."

"మరి ఆ పిల్లకు చెప్పరాదా?"

"నాకు తెలుసునని తెలిస్తే అది సిగ్గుతో సచ్చిపోతాది. సెప్పాలంటే నాకు మాత్రం సిగ్గు కాదా?"

ఆ మాటతో నాకే తల కొట్టేసినట్టయింది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే సంగతి దాస్తూ, ఒకరి మొహం ఒకరు చూడలేక ఇన్నేళ్ళు గడిపారు. "నువ్వే చెప్పాలి" అని తలుపు తీసి ఆవిడను లోపలికి పంపి, ఆవిడ లేచిన బెంచీ మీద నేను కూర్చున్నాను.

లోపల అత్త గుసగుసగా చెబుతోంది. తరువాత మునెమ్మ గొంతు, ఏడుస్తూనే:

"ఓయమ్మా! ఆ కోళ్ళన్నీ దీనికేనా!"

వాళ్ళు మళ్ళీ రాలేదు. మునెమ్మకు బిడ్డ పుట్టిందో లేదో నాకు తెలియదు. అప్పటినుంచి హిస్టరీ తీసుకునేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాను: "ఈ సంగతి ఇంట్లో ఎవరికి తెలుసు?" ఎవరికీ తెలీదని తల దించుకుంటే, వరండాలో ఎవరు కూర్చున్నారో ఒకసారి చూసి వస్తాను.