గేమ్ అయ్యేదాకా లేవకూడని ఎర్ర స్టూల్

గ్యారేజ్‌లో నా చిన్నప్పటి ఎర్ర ప్లాస్టిక్ స్టూల్ దొరికింది. అబ్బా, చూస్తేనే చిరాకు! మీ ఇంట్లో కూడా ఈ సెంటిమెంట్ ఉండేదా? టీవీలో కాలేజ్ బాస్కెట్‌బాల్ గేమ్ వస్తే డాడీ నన్ను దీనిమీదే కూర్చోబెట్టేవారు.

"కదలకు తల్లీ, నువ్వు లేస్తే మన టీమ్ ఓడిపోద్ది!"

కోర్ట్‌లో అంతంత పొడుగోళ్ళు ఆడుతుంటే, గెలిపించేది నేనట!

సెకండ్ గ్రేడ్‌లో, సీజన్ లాస్ట్ గేమ్ రోజు, ఆగలేక, డాడీ కళ్ళు టీవీకే అతుక్కుని ఉన్నప్పుడు చప్పుడు చేయకుండా బాత్రూమ్‌కి పరిగెత్తా. తిరిగొచ్చేసరికి ఓడిపోయాం. డాడీ తల పట్టుకుని, "పాప కదల్లేదు కదా, మరెలా పోయింది?" అన్నారు.

భయమేసి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి, ప్లీజ్.

ఇప్పుడు టెన్త్ గ్రేడ్. డాడీ లోపల్నుంచి "గేమ్ స్టార్ట్ అవుతోంది, రా!" అంటున్నారు. ఛ, ముందు బాత్రూమ్‌కి వెళ్ళి రావాలి.