పద్మ దగ్గర ఉండిపోయిన డబ్బా

“నా డబ్బా ఏదే?”

“రేపు తెస్తనే, లచ్చీ. నా కాడుంటే ఏమన్న కరుగుతదా?”

“నీ రేపు నాకు తెల్వదా.”

నానక్‌రామ్‌గూడ షేర్ ఆటోల దగ్గర పద్మకూ నాకూ జరిగిన ఆఖరి మాటలు ఇవే. అది నార్సింగి ఆటో ఎక్కింది, నేను మూసాపేట దారి పట్టాను. మర్నాడు జ్వరమని పనికి రాలేదు. వారం తిరక్కుండా దవాఖానలో పోయింది. నలభై కూడా నిండలేదు దానికి. పోయేదానివి ఒక మంచి మాట చెప్పి పోవచ్చు కదా. చిన్నప్పటి నుంచీ అంతే, ఏదీ తెమల్చదు.

ఇవాళ పనిచేసే చోట అన్నం ముందు కూర్చుని మూత తీయగానే మెంతిపిండి వాసన ముక్కుకు కొట్టింది. కోపం మళ్లీ మొదటికొచ్చింది. నాకు సంతకం తప్ప రాదు కాబట్టి మా చెల్లెలి బిడ్డ స్వప్నను కూర్చోబెట్టి చెబుతున్నాను, అది రాస్తోంది.

పద్మా నేనూ పాలమూరు దిక్కు ఒకే ఊరి బడిలో ఒకే గోనెపట్టా మీద కూర్చున్నాం. నా సద్దిగిన్నెలో జొన్నరొట్టె సగం అదే తినేది. తిని ఊరుకుంటే సరే, “కడిగి తెస్త” అని గిన్నె ఇంటికి పట్టుకుపోయేది. ఇక అది తిరిగి వచ్చేదాకా మా అమ్మ చేత నాకు తిట్లు. ఎవరి గిన్నె అయినా ఉత్తది తిరిగివ్వకూడదని వాళ్లమ్మ నేర్పింది. వాళ్లింట్లో పెట్టడానికి ఏముందని? రేగుపండ్లు దొరికిందాకా, ఎవరో ఇన్ని పల్లికాయలు ఇచ్చిందాకా నా గిన్నె అక్కడే.

“ఉత్తదే ఇయ్యవే, నేనేమన్న అడిగిన్నా?” అంటే, “ఉత్తదిస్తే మీ ఇల్లు ఉత్తదైతది, నీకేం తెల్వదు” అని నన్నే కసిరేది.

నేను మూడో తరగతితో బడి మానేశాను, అది ఐదుతో. పెళ్లిళ్లయి, చెరో దారిన పట్నం వచ్చి, చివరకు ఒకే ఆఫీసు బిల్డింగులో ఊడ్చే పనిలో కలిశాం. నా భర్త రాములు సెక్యూరిటీ పని చేసేవాడు. కొన్న రోజే దుకాణంలో తన పేరు కొట్టించుకున్న స్టీలు డబ్బాలో అన్నం తీసుకెళ్లేవాడు. ఆయన పోయాక ఆ డబ్బా నేను పనికి పట్టుకుపోయాను. మొదటి రోజు పక్కన కూర్చోవడానికి ఆడవాళ్లు జంకారు. పద్మ వచ్చి నా డబ్బాలోనే చెయ్యి పెట్టింది. “కూరల ఉప్పు లేదేందే? మొగుడు పోతే ఉప్పు గూడ మానాల్నా?” అంది. అందరూ బిత్తరపోయారు. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే చిరాకేసింది.

అట్లాంటి డబ్బాను ఒకనాడు “పొద్దుగాల తెస్త” అని తీసుకుపోయింది. ఎన్ని పొద్దులు గడిచినా తేలేదు. అది చచ్చిపోయాక అడగాలంటే నోరు రాలేదు. కానీ ఆయనది నాకు మిగిలింది అదొక్కటే. దినాలయ్యాక నార్సింగి వెళ్లాను. పద్మ అత్త నన్ను చూడగానే లోపలికి పోయి డబ్బా తెచ్చింది, బరువుగా ఉంది.

“మామిడికాయ తొక్కు. ఊరినంక ఇస్తనన్నది. నేను పంపుదామంటే మైల ఇల్లాయె.”

స్టీలు డబ్బాలో తొక్కు ఎవరైనా పెడతారా? ఉప్పు డబ్బాను తినేయదూ? అదీ పిడికెళ్లకొద్దీ ఉప్పు పోసింది. అడగడానికి మనిషి లేదు కాబట్టి సరిపోయింది. ఆయన డబ్బాలో ఇది కూర్చుంటే, నేను ఐస్‌క్రీం డబ్బాలో అన్నం తెచ్చుకుంటున్నాను. తొక్కు కొంచెమే వేసుకుంటాను.

“పెద్దమ్మా, డబ్బా ఖరాబైతది. సీసల తియ్యరాదూ,” అంటోంది స్వప్న, రాయడం ఆపి.

“రేపు తీస్తనే.”

ఏంది, నవ్వుతున్నావు? అది కూడా రాశావా? సరే, ఉండనీ. ఇప్పుడు మొదటి నుంచి చదువు బిడ్డా, దాన్ని తిట్టిన కాడ జర గట్టిగా చదువు.